సందేహాలు – సమాధానాలు: ఐపీ పెట్టినవాడు దివాలా తీసినట్టేనా?

సందేహం: మా అంబాజీపేటలో నాకు ప్రోనోటు బాకీ ఉన్న కొబ్బరి వ్యాపారి ఐపీ పెట్టాడు. పేపర్లో 'దివాళా ఎత్తాడు' అని వేశారు. రెండూ ఒకటేనా? దివాలాయా, దివాళాయా? తీయడమా, ఎత్తడమా?

సమాధానం: ఒకటి కాదు. ఐపీలో 'పీ' అంటేనే పిటిషన్. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, అంటే అప్పులు తీర్చలేని స్థితి గురించి కోర్టుకు పెట్టే అర్జీ. 'ఐపీ పిటిషన్ వేశాడు' అని రాసే విలేకరులకు ఆ సంగతి ఎవరైనా చెప్తే బాగుండు. వాళ్ళకంటే మన కోనసీమ రైతు నయం. అర్జీ పెట్టినట్టు, కేసు పెట్టినట్టు 'ఐపీ పెట్టాడు' అంటాడు. పెట్టింది అర్జీ, తీర్పు ఇంకా రాలేదు. అప్పిచ్చినవాళ్ళు కూడా కోర్టుకెక్కవచ్చు. అప్పుడు 'అతని మీద ఐపీ పెట్టారు' అనాలి. ఆ 'మీద' మింగేస్తే అర్థం తలకిందులవుతుంది.

ఈ ఐపీల చట్టం 1920 నాటిది. 500 రూపాయల తీర్చలేని అప్పుంటే చాలు, అర్జీ పెట్టుకోవచ్చంటుంది. ఆనాటి 500 లెండి! మీకు నోటీసు వచ్చే ఉంటుంది. అందులో అప్పులవాళ్ళ జాబితా ఉంటుంది, మీ పేరూ, మొత్తమూ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి. కోర్టు ఒప్పుకుంటేనే అతను దివాలాదారు. అప్పుడు ఆస్తి అఫీషియల్ రిసీవర్ అనే అధికారి చేతికి వెళ్తుంది, అమ్మగా వచ్చింది అప్పులవాళ్ళకు పంచుతారు. వంటపాత్రలు, కట్టుబట్టలు, భార్య తాళి జోలికి పోరు. ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్ళలోపు బావమరిదికో కూతురికో ఊరికే రాసిచ్చిన ఆస్తి ఉంటే ఆ దస్తావేజును కోర్టు రద్దు చేయవచ్చు. చివరికి అప్పుల నుంచి విడుదల ఉత్తర్వు వచ్చినా సర్కారు బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు పోవు. హామీ సంతకం పెట్టినవాడూ తప్పించుకోలేడు. కనుక 'ఐపీ పెట్టేశాడు, ఇక మన డబ్బు గోవిందా' అని అరుగు మీద చేసే తీర్మానం తొందరపాటు. 2016 దివాలా చట్టం మాటంటారా, వ్యక్తుల విషయంలో దాన్ని ఇంతవరకు కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్ళకే అమలు చేశారు.

ఇక నాకిష్టమైన చోటికి వస్తాను. 'దివాలా' ఉత్తరాది మాట. 'దీవా' అంటే దీపం. అప్పులు తీర్చలేని షావుకారు పట్టపగలు దుకాణంలో దీపం వెలిగించి కూర్చునేవాడట. అది చూసి, ఇక ఇతని దగ్గర ఏమీ లేదని ఊరంతా తెలుసుకునేదట. దీపావళిలోనూ అదే దీపం! లెక్కలు తేల్చి కొత్త ఖాతా పుస్తకం తెరిచే పండక్కీ, ఖాతా మూసేసే దుర్దినానికీ ఒకే దీపం దొరకడం చూశారా? ఇంత కథ ఉన్న మాట పక్కన పెట్టి మన టీవీవాళ్ళు 'బ్యాంక్‌రప్ట్ అయ్యాడు' అంటుంటే ఒళ్ళు మండుతుంది.

హిందీలో 'ల' ఉంది. మరాఠీ, గుజరాతీల్లో 'ళ' ఉంది. అందుచేత 'దివాళా' రాసినవాణ్ణి తప్పుపట్టలేను. నేను మాత్రం 'ల'యే రాస్తాను. తీయడం హిందీ 'నికాల్‌నా'కు దగ్గర. ఎత్తడం వాడుకలో ఉంది, ఉండనివ్వండి.