జెల్లీ సెన్సార్ల పిచ్చి, నానోటెక్నాలజీ సీటు, ఒక తండ్రి టెన్షన్

ప్రశ్న: అయ్యా, మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా పాప ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. గాలిలో తేమ కొలిచే సాగే జెల్లీ సెన్సార్ల వీడియోలు చూసి, అలాంటివే చేస్తానంటోంది. చైనా గ్రాస్‌లో ఉప్పు కలిపి ఇంట్లో ఒకటి చేసింది. మల్టీమీటర్‌లో అంకె నిలవలేదు, మర్నాటికి ఫ్యాను కింద జెల్లీ వడియంలా ఎండిపోయింది. ఒకటే ఏడుపు. ఒక కాలేజీ వాళ్ళు నానోటెక్నాలజీ బీటెక్‌లో మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామంటున్నారు. పాపేమో కెమిస్ట్రీ డిగ్రీ అంటోంది. పోనీ ఈసీఈ మేలా? పీహెచ్‌డీ దాకా అంటే పెళ్ళెప్పుడు చేయాలి?

జవాబు: కోప్పడనంటే ఒక మాట. మీరు రాసిన పెద్ద ఉత్తరంలో పెళ్ళి మాట మూడుసార్లు వచ్చింది. పాపకి కెమిస్ట్రీలో ఎన్ని మార్కులో ఒక్కసారీ రాలేదు. మీ భయం కోర్సు గురించి కాదు. డబ్బు పోశాక పిల్ల ఎటూ కాకుండా ఉండిపోతుందేమోనని. ఆ భయమున్న మనిషి మేనేజ్‌మెంట్ సీటు వైపు ఎలా చూస్తున్నారో నాకర్థం కాలేదు.

నానోటెక్నాలజీ చెడ్డ సబ్జెక్టని నేననను. పునాది పడకముందే మేడ పేరు డిగ్రీ మీద రాయించుకోవడం మీదే నా అనుమానం. అలాంటి పట్టా చేతిలో పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ కోచింగ్ ఎక్కడ బాగుంటుందని అడగడానికి నా దగ్గరికి వచ్చినవాళ్ళే ఎక్కువ. నోటిఫికేషన్లో తమ బ్రాంచి పేరు కనపడక తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ కాలేజీ వాళ్ళని, పాసైన ముగ్గురు పిల్లల ఫోన్ నంబర్లు అడగండి. ల్యాబ్‌లో మిషన్లు నడుస్తున్నాయా, అద్దాల వెనక బొమ్మల్లా ఉన్నాయా చూసి రండి.

ఇక పాప సంగతి. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే మీకు కోత పెడతారే, అది గింజలో తేమ. పాప కొలవాలనుకున్నది గాలిలో తేమ. జెల్ అంటే పాలిమర్ దారాల వలలో పట్టి ఉంచిన నీళ్ళు. గాలి తేమెక్కితే అది ఇంకాస్త నీరు పీలుస్తుంది, ఉప్పు అయాన్లు, అంటే కరెంటు మోసే ఉప్పు రేణువులు, సులువుగా కదులుతాయి, కరెంటుకి అడ్డు తగ్గుతుంది. ముక్కు కింద అతికిస్తే వదిలిన ప్రతి ఊపిరికీ ఆ తేడా కనిపిస్తుంది.

అంకె నిలవకపోవడం పాప తప్పు కాదు. మల్టీమీటర్ పంపేది డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంటు, దానికి అయాన్లు తీగల దగ్గర పోగుపడతాయి. ల్యాబుల్లో అందుకే అటూ ఇటూ దిక్కు మారే ఏసీ కరెంటుతో కొలుస్తారు. ఎండిపోవడమైతే ఈ రంగంలో అందరి తలనొప్పీ. గ్లిజరిన్, లిథియం క్లోరైడ్ లాంటివి చేర్చి నీటిని పట్టి ఉంచుతారు. ఇంకో చిక్కుంది, పాపకి చెప్పండి: జెల్లీని సాగదీసినా రీడింగ్ మారుతుంది. మారింది తేమ వల్లా, సాగడం వల్లా? ఎలా తేలుస్తావని అడగండి. ఆ రాత్రి మీ ఇంట్లో లైటు ఆరదు.

పోలిక అడిగారు కాబట్టి: జెల్లీ వండటం ఇష్టమైతే కెమిస్ట్రీ, అంకె నిలబెట్టడం ఇష్టమైతే ఈసీఈ. రెండు దారుల్లోనూ పీజీలో ఈ సెన్సార్ల పనికి రావచ్చు. ఈ సెన్సార్ల పేరుతో మన చుట్టుపక్కల ఉద్యోగాలు దొరుకుతాయని మాత్రం నేను చెప్పను. ఎంఎస్సీ కెమిస్ట్రీతో ఆగినా పైడిభీమవరం మందుల కంపెనీలున్నాయి. పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్, అంటే పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన స్టైపెండ్, వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, ఆ తర్వాత 42,000. అందరికీ రాదు, వస్తే మాత్రం మీ జేబు ముట్టుకోనక్కర్లేదు. పెళ్ళి గురించి డిగ్రీ అయ్యాక, పాపనే కూర్చోబెట్టి మాట్లాడండి. పెళ్ళయ్యాక పీహెచ్‌డీ ముగించిన ఆడపిల్లలు నాకు చాలామందే తెలుసు. పదిహేడేళ్ళ పిల్ల ముందు ఇప్పుడే ఆ లెక్క విప్పకండి, దయచేసి.

ఈసారి చీపురుపల్లి వెళ్ళినప్పుడు మందుల షాపులో చిన్న గ్లిజరిన్ సీసా తెండి. రెండు పళ్ళేల్లో జెల్లీ పోయమనండి, ఒకదాంట్లోనే గ్లిజరిన్. రోజూ రెండూ తూచి రాయాలి. కిరాణా కాటా అంత చిన్న తేడా పట్టదు, తెలిసిన బంగారం కొట్లో అడగండి.