ఆల్వార్క్ టోక్యో టొయోటా కంపెనీ జట్టేనా?

మూలాన్ని బట్టి చూస్తే అవుననే చెప్పాలి. టొయోటా మోటార్ తన ఉద్యోగులతో నడిపిన బాస్కెట్‌బాల్ జట్టే కాలక్రమంలో నేటి ఆల్వార్క్ టోక్యోగా మారింది. అరబిక్‌లో మెరుపు అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరు వచ్చింది.

జపాన్‌లో రెండు పోటీ బాస్కెట్‌బాల్ లీగులు ఒక్కటి కాలేకపోవడంతో అంతర్జాతీయ సమాఖ్య ఫిబా 2014లో ఆ దేశాన్ని సస్పెండ్ చేసింది. ఆ చిక్కును విప్పడానికి ఫుట్‌బాల్ లీగును తీర్చిదిద్దిన సబురో కవాబుచి రంగంలోకి దిగారు. అలా పుట్టిన కొత్త ఉమ్మడి లీగు బి.లీగ్‌లో జట్టు పేరు నుంచి "టొయోటా" అన్న మాట తొలగిపోయి, ఊరి పేరు నిలిచింది. అభిమానులు ఒక సంస్థను కాక తమ ఊరిని చూసుకొని గర్వపడేలా చేసిన ఈ మార్పే నా దృష్టిలో అసలు మలుపు.

2016 సెప్టెంబరు 22న టోక్యోలోని యోయోగి వ్యాయామశాలలో, నేలంతా ఎల్‌ఈడీ తెరగా వెలిగిన కోర్టుపై, ఒకినావాకు చెందిన ర్యూక్యూ గోల్డెన్ కింగ్స్‌తో ఆడి లీగ్ తొలి మ్యాచ్‌ను గెలిచింది ఈ జట్టే. తరువాత 2018, 2019లలో వరుసగా విజేతగా నిలిచింది. పేరులో లేకపోయినా టొయోటా అండ మాత్రం కొనసాగుతోంది. 2025లో ఒదైబా ప్రాంతంలో తెరుచుకున్న జట్టు సొంత వేదిక పేరు టొయోటా అరీనా టోక్యో.