2.4 కిలోలంటే అసలు బరువు ఎంత నుంచి ఎంత వరకు?

ప్రశ్న ఇది: ఒక బరువును మొదటి దశాంశ స్థానానికి రౌండ్ చేస్తే 2.4 కిలోలు వచ్చింది. అసలు బరువు ఏ విలువల మధ్య ఉండొచ్చు?

చెన్నైలో మా అమ్మాయికి కూడా ఈ లెక్క దగ్గరే టెన్షన్. కోయంబేడు మార్కెట్ టమాటాలతో చెప్పాను. త్రాసు ఒక్క దశాంశమే చూపిస్తుందనుకోండి. 2.4కి ఇటు పొరుగు 2.3, అటు పొరుగు 2.5. సరిగ్గా నడిమధ్య గట్లు 2.35, 2.45. ఆ గట్ల మధ్య పొలమంతా 2.4దే. అంటే చివరి స్థానం 0.1లో సగాన్ని, 0.05ని, ఒకసారి తీసేయాలి, ఒకసారి కలపాలి.

మరి గట్టు ఎవరిది? తగాదా అంతా అక్కడే. 5 వస్తే పైకి అనే బడి నియమం ప్రకారం 2.35 మనది, 2.45 పొరుగుది. కాబట్టి 2.35 లేదా అంతకంటే ఎక్కువ, కానీ 2.45 కంటే తక్కువ. చాలామంది పై హద్దు 2.44 అని రాసేస్తారు. 2.449 సంగతేంటి? 2.44999? అవీ 2.4కే వస్తాయి.

2.40 అని ఉంటే హద్దులు మారతాయి: 2.395 నుంచి 2.405 లోపు. ఆ సున్నా ఊరికే లేదు, రెండో దశాంశ స్థానానికి రౌండ్ చేశారని చెబుతోంది.

త్రాసు 2.4 అని చూపించిన రెండు సంచులు కలిపితే కచ్చితంగా 4.8 అనుకోకండి. 4.7 నుంచి 4.9 లోపు ఎంతైనా కావొచ్చు.

ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు మాత్రం జాగ్రత్త. పైథాన్ 3లో 2.5ని రౌండ్ చేస్తే 3 కాదు, 2 వస్తుంది. సరిగ్గా సగం దగ్గర అది సరి సంఖ్య వైపు మొగ్గుతుంది.