తాళంచెవి నీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోకు

చిట్టీ,

హింసకు గురైన ఆడవాళ్లకు ఆసరా ఇచ్చే సఖి కేంద్రానికి అడ్మినిస్ట్రేటర్‌గా చేరబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఒక పక్క గర్వం, ఒక పక్క గుబులు. నిద్రపట్టక లేచి రాస్తున్నాను.

నిర్భయ నిధితో ఈ పథకం 2015 ఏప్రిల్‌లో మొదలైంది. తర్వాత కొన్నాళ్లకు మా జిల్లాలో కేంద్రం తెరిచినప్పుడు ఆ కుర్చీలో ముందు కూర్చున్నది నేనే.

డ్యూటీ చార్టు గోడకు అంటించు. మహిళా హెల్ప్‌లైన్ 181 నుంచి ఫోను వస్తే ఎవరు వెళ్లాలో ముందే రాసిపెట్టు. వచ్చినామెకు ఒకే కేస్ వర్కర్‌ని కేటాయించు, జరిగిందంతా అయిదుగురికి అయిదుసార్లు చెప్పించకు. పరిహారం దరఖాస్తులు చట్టం పనులు చూసే పారా లీగల్ అమ్మాయికి అప్పగించు. నేరం చేసినవాడు ఎవరో తేలక, విచారణే జరగకపోయినా బాధితురాలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి ఆ అమ్మాయికి నోటికి వచ్చి ఉండాలి.

ఇవన్నీ శిక్షణలో చెబుతారు. బీరువా సంగతి చెప్పరు.

నాకు ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. సబ్బుల లెక్క కూడా నేనే రాసేదాన్ని. ఒకసారి రెండు తువ్వాళ్లు లెక్క తప్పాయని చీరలు, దుప్పట్లు, పిల్లల బట్టలు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు తువ్వాళ్లకు! నన్ను అడగకుండా ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదని కూడా చెప్పాను.

ఒక వానాకాలం రాత్రి మొగుడు కొట్టి గెంటేస్తే ఒకామె పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. నా ఫోను మా ఇంటి హాల్లో చార్జింగులో ఉంది, నేను లోపలి గదిలో నిద్రపోతున్నాను. పొద్దున్నే వెళ్లేసరికి ఆమె లేదు. మొదటి బస్సుకు మళ్లీ ఆ ఇంటికే వెళ్లిపోయింది. రిజిస్టరులో కేస్ వర్కర్ గుండ్రటి అక్షరాలతో రాసింది: 12.20 మేడమ్‌కు ఫోను చేశాను. 12.35 మేడమ్‌కు ఫోను చేశాను. అలా పదకొండు వరుసలు. తన స్వెటరు విప్పి పిల్లాడికి తొడిగి పంపిందట.

"తాళం పగలగొట్టొచ్చు కదా!" అని ఆమెమీదే కేకలేశాను. "మీరు తిడతారని" అంది. ఆ తల్లి మళ్లీ మా గడప తొక్కలేదు.

నీకూ ఈ జబ్బు ఉంది, కాదనకు. మీ అక్క పెళ్లిలో వడ్డన దగ్గర ఎవరినీ గరిటె పట్టనివ్వలేదు. చివరికి నువ్వే అన్నం తినకుండా ఆ పట్టుచీరతోనే చాపమీద నిద్రపోయావు. నీ జడలో వాడిన మల్లెలు నేనే తీశాను.

ఒక్క పని మాత్రం ఎవరికీ అప్పగించకు. మీవాళ్ల జీతాలు ఆలస్యమైతే కలెక్టరేట్ చుట్టూ నువ్వే తిరుగు. మూడు నెలలు జీతం రాని కౌన్సెలర్ ఎదుటివాళ్ల ఏడుపు ఎంతసేపని వింటుంది?

చేరిన రోజే బీరువాకు రెండో తాళంచెవి చేయించు. రాత్రి డ్యూటీ అమ్మాయికి నీ చేత్తో ఇవ్వు. ఇచ్చాక ఆమె పేరేమిటో నాకు ఫోను చేసి చెప్పు.

మీ పెద్దమ్మ