తీర్పు దొరికితే సరిపోదు, అది ఇంకా నిలిచి ఉందా?

ప్రశ్న: ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీలో మూడో ఏడాది చదువుతున్నాను. ఒక న్యాయవాది దగ్గర ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఆయన చెప్పిన పాయింట్ మీద గూగుల్‌లో, ఏఐ చాట్‌బాట్‌లో గంటలకొద్దీ వెతికి తీర్పులు ఇస్తే ‘ఇవి పనికిరావు’ అంటున్నారు. మా కాలేజీలో తీర్పులు వెతికే పెయిడ్ డేటాబేస్ లేదు. లోపం అదేనా?

జవాబు: అది కాదు. డేటాబేస్ ఉంటే పని త్వరగా అవుతుంది, అంతే. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కేంద్ర చట్టాలు ఇండియా కోడ్‌లో ఉన్నాయి. తీర్పులు వెతికే ఇండియన్ కానూన్ సైట్ మీరు ఇప్పటికే వాడుతుంటారు. దొరికినదాన్ని సరిచూడకుండా అలాగే అందిస్తున్నారేమోనని నా అనుమానం.

సెక్షన్ 482 అని వెతికి చూడండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో అది హైకోర్టుకు స్వతహాగా ఉన్న అధికారం. క్వాష్ పిటిషన్లు, అంటే కేసు కొట్టేయమని కోరేవి, దాని కిందే వేసేవారు. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 482 అంటే ముందస్తు బెయిల్. క్వాష్ అధికారం 528కి వెళ్లింది. సెర్చ్‌లో రెండూ కలగాపులగంగా వస్తాయి. పైగా ముందస్తు బెయిల్ మీద దశాబ్దాల తీర్పులన్నీ పాత 438 పేరు మీదే ఉన్నాయి. అందుకే రెండు నంబర్లతోనూ వెతకాలి. ఆ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ ఏ మాట మారిందో చూడాలి.

ఇంకొకటి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఏను శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. అయినా పోలీసులు దాని కింద కేసులు పెడుతూనే వచ్చారు, 2022లో కోర్టు మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. పుస్తకంలో అచ్చై ఉన్నంత మాత్రాన అది చట్టంగా చెల్లదు. తీర్పులూ అంతే, తర్వాత పెద్ద ధర్మాసనం తోసిపుచ్చిందేమో చూడకుండా ఏదీ ఇవ్వకండి.

ఏఐని పాయింట్ అర్థం చేసుకోవడానికి, వెతకాల్సిన పదాలు తట్టడానికి వాడండి, తప్పులేదు. సైటేషన్ (తీర్పు పేరు, అది అచ్చైన చోటు) మాత్రం దాని నోటి నుంచి తీసుకోకండి. చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనే లేని కేసులను దాఖలు చేసినందుకు 2023లో న్యూయార్క్ కోర్టు ఇద్దరు లాయర్లకు, వాళ్ల సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను బాధపెట్టేది తీర్పుకు ముందు అచ్చేసే సారాంశం, అంటే హెడ్‌నోట్, చదివి ఆగిపోవడం. అది తీర్పులు ప్రచురించే సంపుటాల సంపాదకులు రాసేది, కోర్టు మాట కాదు. తీర్పులోకి వెళ్లినా జాగ్రత్త ఉండాలి: ‘పిటిషనర్ తరఫు వాదన ఇదీ’ అని జడ్జి రాసిన పేరాను కోర్టు నిర్ణయమనుకుని ఎత్తి రాసిన విద్యార్థులను చాలామందిని చూశాను. అలాంటి పొరపాటు కోర్టులో బయటపడితే మాట పోయేది మీ సీనియర్‌కి.

ఈసారి పది తీర్పులు ప్రింట్ తీయకండి. రెండు చాలు. పాయింట్ ఏమిటి, ఎందరు జడ్జీల ధర్మాసనం, ఏ పేరాలో ఏం తేల్చారు, ఇప్పటికీ నిలిచి ఉందా... అర పేజీలో రాసివ్వండి. దాంతోపాటు మీ క్లయింట్‌కు వ్యతిరేకంగా ఉన్న తీర్పు ఒకటి వెతికి పెట్టండి. అవతలి లాయర్ దాన్ని చదువుతుంటే మీ సీనియర్ కోర్టులో మొదటిసారి వినకూడదు.