నాలుగో భాగం ముందు, మొదటి భాగం తర్వాత: సినిమాలను ఇలా ఎందుకు తీస్తారు?

1977లో వచ్చిన స్టార్ వార్స్ నాలుగో భాగమట, 1999లో వచ్చింది మొదటి భాగమట, కథను మొదటి నుంచి తీయడానికి ఏమి అడ్డమొచ్చింది, మా అబ్బాయికి ఏ వరుసలో చూపించాలి అని అడిగారు. నేను విమర్శకుడిని కాను. విజయవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో చాలాకాలం లెక్కలు రాశాను. అందుకని నా జవాబులో కళ కంటే కాసుల వాసన ఎక్కువగా ఉంటుంది.

అసలు 1977లో విడుదలైనప్పుడు ఆ సినిమా మీద నాలుగు అన్న అంకే లేదు. 1980లో వచ్చిన తరువాతి సినిమాకు అయిదో ఎపిసోడ్ అని వేశారు. 1981లో పాత సినిమాను మళ్ళీ విడుదల చేసినప్పుడు దానికి నాలుగో నంబరు తగిలించారు. ముందు కథ దర్శకుడు జార్జ్ లూకస్ మనసులో ఎంత ఉందన్నది వేరే చర్చ. ఆడుతుందో లేదో తెలియని సినిమాకు ఏ నిర్మాతా భాగాల సంఖ్య వేయడు. కృష్ణా, గుంటూరు ఏరియాల హక్కులకు బేరం కూర్చున్నప్పుడు మా యజమాని అడిగే మొదటి మాట ఒకటే ఉండేది: “రెండోది రాకపోయినా ఇది ఆడుతుందా?” పెద్ద కథలో ఏ ముక్క తనంతట తాను నిలబడుతుందో అదే ముందు తెర మీదికి వస్తుంది. అది కథలో ఎక్కడిదన్నది తర్వాతి సంగతి.

నాలుగుతో మొదలుపెట్టడం మన గుంటూరు వాళ్ళకు కొత్తేమీ కాదు లెండి. తిక్కన తాత మంత్రి భాస్కరుడు గుంటూరు ఏలినవాడు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేసిన భారతాన్ని మనవడు అందుకున్నాడు గానీ ఆ మిగిలిన సగాన్ని ముట్టుకోలేదు, నేరుగా నాలుగోదైన విరాటపర్వానికి వెళ్ళిపోయాడు. అరణ్యపర్వం ముట్టుకుంటే కీడని భయపడ్డాడనే కథ ఒకటి ప్రచారంలో ఉంది, నేను నమ్మను. ఈ నాలుగోది మనసుకు ఆహ్లాదమిచ్చేదని, గట్టి కథ, రకరకాల రసాలు ఉన్నదని ఆయనే పీఠికలో చెప్పుకున్నాడు. మారువేషాలు, కీచకవధ, గోగ్రహణం, చివర పెళ్ళి: ముందు మూడు పర్వాలు తెలియనివాడు కూడా కదలకుండా కూర్చుంటాడు. మా యజమాని అయితే అడ్వాన్సు అక్కడికక్కడే ఇచ్చేవాడు. మధ్యలో మిగిలిపోయిన ఖాళీని తరువాతి శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు, అదీ నన్నయ పేరు మీదే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా.

మొదటిది హిట్టయ్యాక వెనక్కి ఎందుకు వెళతారంటే, చాలాసార్లు ముందుకు వెళ్ళడానికి దారి ఉండదు. 2022 కాంతారలో కథానాయకుడు చివరికి అడవిలో మాయమైపోతాడు. అక్కడి నుంచి కథను లాగితే ఆ ముగింపు బలమంతా పోతుంది. అందుకే 2025లో వచ్చినది కదంబుల కాలానికి వెళ్ళింది. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ వరుసలో ఇంకా తమాషా జరిగింది. 2006లో వచ్చిన మూడో సినిమాలో హాన్ అనే పాత్ర చనిపోతుంది. ఆ పాత్రను వదులుకోవడం ఇష్టం లేక, 2009, 2011, 2013లలో వచ్చిన మూడు సినిమాల కథనూ ఆ చావుకు ముందు జరిగినట్టు పెట్టారు. కాలాన్నే వెనక్కి తిప్పారు తప్ప ఆ నటుడిని పోగొట్టుకోలేదు.

వ్యాపారంలో ఇంకో లాభమూ ఉంది. పోస్టర్ మీద మూడు, నాలుగు అని కనిపిస్తే, వెనకటివి చూడనివాడు టికెట్టు దగ్గర ఆగిపోతాడు. రేపల్లె, బాపట్ల లాంటి సెంటర్లలో ఈ వెనకంజ నేను బాగా గమనించాను. ముందు కథ అనేసరికి పాతవాళ్ళతో పాటు కొత్తవాళ్ళూ ధైర్యంగా వస్తారు. దీనికి వడ్డీ కట్టక తప్పదు: కథ చివరికి ఎక్కడ తేలుతుందో ప్రేక్షకుడికి ముందే తెలుసు, ఇక ఎలా జరిగిందన్న దాని మీదే రక్తి కట్టించాలి. చాలామంది అక్కడే చతికిలబడతారు.

హక్కుల చిక్కులు సరేసరి. హాబిట్ నవల 1937 నాటిది, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ దాని తర్వాతి కథ. సినిమాలుగా మాత్రం రింగ్స్ 2001 నుంచి, హాబిట్ 2012 నుంచి వచ్చాయి. హాబిట్ పంపిణీ హక్కులు వేరే సంస్థ చేతిలో ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం.

కావాలనే తారుమారు చేసిన సినిమాలు వేరు. బాహుబలిని జరిగిన వరుసలో చెప్పి ఉంటే, కట్టప్ప పొడిచే సమయానికి కారణం మనకు తెలిసిపోయి ఉండేది. కొడుకు కథ ముందు పెట్టి, తండ్రి కథను సగంలో ఆపారు కాబట్టే 2015 నుంచి 2017 దాకా టీ కొట్ల దగ్గర కూడా అదే ప్రశ్న. మా యజమాని అడిగే మాటకు అది పూర్తిగా ఎదురు, అయినా చెల్లింది. ఒక సినిమాకు చెల్లిందని అందరూ సగంలో ఆపి రెండో భాగంలో చూడండి అంటున్నారు, అది నాకు చిరాకు.

మీ అబ్బాయికి మాత్రం విడుదలైన వరుసలోనే చూపించండి. ముందు 1977, 1980, 1983లవి, తర్వాత 1999, 2002, 2005లవి. కథ వరుసలో వెళితే 1980 సినిమాలో బయటపడే తండ్రి రహస్యం ముందే తెలిసిపోయి చప్పబడుతుంది. పాత గ్రాఫిక్స్ చూసి వాడు నవ్వితే నవ్వనివ్వండి, అరగంటలో సర్దుకుంటాడు.