పేరు ఎక్కడుంటే ఓటు అక్కడే: ఓటు హక్కుపై పాఠకుల ప్రశ్నలు

మా అబ్బాయి భవన నిర్మాణ పనుల కోసం కుటుంబంతో హైదరాబాదు వెళ్లి చాలా ఏళ్లయింది. ఓటు మాత్రం ఊళ్లోనే ఉంది. సొంత ఇల్లు ఇక్కడే ఉంది కాబట్టి ఓటు తీసేయడానికి వీల్లేదని కొందరు, అక్కడా ఇక్కడా రెండు చోట్లా ఉంచుకోవచ్చని మరికొందరు చెబుతున్నారు. ఏది నిజం?
– ఒక తండ్రి, కనిగిరి

రెండు మాటలూ సరైనవి కావు. ఓటు హక్కుకు పునాది ఇల్లు కాదు, నివాసం. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ‘సాధారణ నివాసి’ అనే మాట వాడింది. ఒక నియోజకవర్గంలో ఇల్లో పొలమో ఉన్నంత మాత్రాన అక్కడి సాధారణ నివాసి అయిపోరని 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసి కాకుండా పోరని కూడా అదే సెక్షన్ అంటుంది. నాలుగు నెలలు పనికి పోయి పంట కాలానికి తిరిగొచ్చే మనిషికి ఓటు ఊళ్లోనే ఉంటుంది. భార్యాబిడ్డలతో అక్కడే కాపురం పెట్టి, పిల్లలను అక్కడి బడిలో చదివిస్తున్న మనిషి పేరు మాత్రం అక్కడి జాబితాలో ఉండాలి. మీరు రాసినదాన్ని బట్టి మీ అబ్బాయిది రెండో పరిస్థితిలాగే కనిపిస్తోంది.

రెండు చోట్ల పేరు ఉంచుకోవడాన్ని 17, 18 సెక్షన్లు ఒప్పుకోవు. పేరు మరెక్కడా లేదని అబద్ధపు ప్రకటన చేస్తే ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఒకే తరహా ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటు వేస్తే ఆ రెండు ఓట్లూ చెల్లవు. అందువల్ల మీ అబ్బాయి హైదరాబాదులో ఫారం-8 పెట్టుకోవడం మంచిది. ఓటు మార్పిడికి, తప్పుల సవరణకు, పోయిన కార్డు స్థానంలో కొత్తది పొందడానికి కూడా ఇదే ఫారం. ఫారం-6 తొలిసారి నమోదయ్యేవారి కోసం ఉద్దేశించినది. చాలామంది తెలియక మార్పిడికి కూడా ఫారం-6 పెట్టడం వల్లనే రెండేసి పేర్లు పుట్టుకొస్తున్నాయి.

మీ ప్రశ్నకు ఇంకో వైపు కూడా ఉంది. ‘వలస వెళ్లారు’ అన్న మాట మీద, ఇంకా ఊళ్లోనే ఉంటున్నవారి పేర్లు తీసేయమని ఫారం-7 పెట్టేవారూ ఉన్నారు. నివాసం మారిందన్న కారణంతో పేరు తొలగించే ముందు ఓటరు నమోదు అధికారి ఆ వ్యక్తికి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలని 22వ సెక్షన్ అంటుంది. నిర్ణయం అన్యాయమనిపిస్తే కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అయితే వీటన్నిటికీ సమయం కావాలి. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో కొత్తగా పేరు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. పోలింగు రోజు బూతు దగ్గర కార్డు చూపించి ఎంత వాదించినా, జాబితాలో పేరు లేని మనిషి చేత ఓటు వేయించే అధికారం అక్కడ ఎవరికీ లేదు. ఎన్నికలు లేని రోజుల్లోనే బూత్ స్థాయి అధికారి దగ్గరో, 1950 నంబరుకు ఫోను చేసో ఇంటిల్లిపాది పేర్లూ సరిచూసుకోమని పాఠకులందరినీ గట్టిగా కోరుతున్నాను.

ఓటు వేయడానికి వెళితే నా ఓటు ఎవరో ముందే వేసేశారని చెప్పి పంపించేశారు. నేను చేయగలిగింది ఏమైనా ఉండిందా?
– ఒక గృహిణి, కావలి

తప్పకుండా ఉండింది. మిమ్మల్ని ఊరికే తిప్పి పంపడం నియమాలకు విరుద్ధం. మీరెవరో బూతు బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారికి రుజువు చేస్తే, ఆయన మీకు ‘టెండర్ ఓటు’ ఇవ్వాలి. అది యంత్రం మీద వేసేది కాదు. కాగితపు బ్యాలెట్ మీద మీరు ముద్ర వేసి ఇస్తే దాన్ని ప్రత్యేక కవరులో భద్రపరుస్తారు, మీ పేరు వేరే జాబితాలో రాసి సంతకం తీసుకుంటారు. మామూలు లెక్కింపులో దీన్ని కలపరు కాబట్టి చాలామంది దీన్ని నిరర్థకమనుకుంటారు. నేను అలా అనుకోను. దొంగ ఓటు పడిందనడానికి అదే లిఖితపూర్వక సాక్ష్యం, ఫలితంపై కేసు నడిచినప్పుడు న్యాయస్థానం దాన్ని తెప్పించి చూడగలదు. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయినప్పుడు, టెండర్ ఓట్ల మీద సాగిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

‘చాలెంజ్ ఓటు’ వేరు. ఓటు వేయడానికి వచ్చిన మనిషి అసలు ఓటరు కాడని బూతులో కూర్చున్న అభ్యర్థి తరఫు ఏజెంటు అభ్యంతరం చెప్పి, రెండు రూపాయలు డిపాజిట్ కడితే, ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి తేలుస్తారు. మీ విషయంలో ఏజెంట్లు ఆ పని సకాలంలో చేసి ఉంటే మీకు ఈ ఇబ్బంది వచ్చేదే కాదు.

2024లో మా దర్శిలో రాష్ట్రంలోనే ఎక్కువ పోలింగు జరిగిందని విన్నాను. పోలింగు పెరిగితే ప్రభుత్వ వ్యతిరేక ఓటు పడినట్టేనా? ‘సైలెంట్ ఓటు’ అంటే ఏమిటి?
– డిగ్రీ విద్యార్థిని, దర్శి

మీరు విన్నది నిజమే. ఆ ఏడాది మే 13న జరిగిన ఎన్నికలో దర్శిలో 90.91 శాతం పోలింగు నమోదైంది. మీ ప్రశ్నకు జవాబు కూడా మీ ఊళ్లోనే ఉంది. రాష్ట్రంలో అధికారం చేతులు మారినా, అంత పోలింగు జరిగిన దర్శి శాసనసభ స్థానాన్ని అప్పటి అధికార పక్షమే నిలబెట్టుకుంది. ఓటర్లు బారులు తీరడాన్ని బట్టి వారి మనసు చెప్పేయడం తొందరపాటని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. శాతం అన్నది జాబితాలోని పేర్లలో ఎంతమంది వేశారన్న లెక్క. చనిపోయినవారి పేర్లు, ఊరు వదిలినవారి పేర్లు జాబితాలో మిగిలిపోయిన చోట అందరూ ఓటు వేసినా శాతం తక్కువగానే కనిపిస్తుంది. నగరాల పోలింగును పల్లెలతో పోల్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తన నిర్ణయాన్ని సభల్లోగాని, సర్వేల్లోగాని బయటపెట్టకుండా బూతులోనే చెప్పే ఓటును ‘సైలెంట్ ఓటు’ అంటున్నారు. ఈ మాటను తరచుగా స్త్రీలకు అంటగడతారు. నెల్లూరు జిల్లా చరిత్ర తెలిసినవారు దానితో ఏకీభవించలేరు. 1992లో దూబగుంటలో రోశమ్మతో కలిసి సారా అమ్మకాన్ని అడ్డుకున్న స్త్రీలు మౌనంగా లేరు. వారి ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి దారితీసింది. 1994 డిసెంబరు ఎన్నికల్లో మద్యనిషేధం పెద్ద వాగ్దానమైంది, అధికారం మారింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. వాళ్లు ఏం కోరుతున్నారో రెండేళ్ల ముందు నుంచీ రోడ్డు మీదే చెబుతున్నారు.

డబ్బు ఇచ్చి దేవుడి పటం మీద ప్రమాణం చేయించుకున్నారు. ఎవరికి వేశామో వాళ్లకు తెలిసిపోతుందని మా వాడలో భయపడుతున్నారు.
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, పొదిలి ప్రాంతం

తెలిసే మార్గం లేదమ్మా. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రం చీటీ అద్దం వెనుక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది, దాని మీద మీ పేరు గాని సంఖ్య గాని ఉండదు. ఎవరికి వేశావో చెప్పమని సాక్షిని న్యాయస్థానం కూడా బలవంతపెట్టకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 94వ సెక్షన్ అంటుంది. ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. బూతువారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్కింపులో బయటపడుతుంది. అందువల్ల వాడ మొత్తం మొగ్గు ఎటో వాళ్లు అంచనా వేయగలరు, మీ ఒక్కరి ఓటును వేరు చేసి చూడలేరు. ఇక డబ్బు విషయం: ఇచ్చినవారితో పాటు తీసుకున్నవారిది కూడా నేరమే. భయపెట్టి చేయించిన ప్రమాణం మిమ్మల్ని కట్టిపడేయదని నేను నమ్ముతున్నాను.

నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే ఎన్నిక రద్దవుతుందా?
– ఉపాధ్యాయుడు, ఆత్మకూరు

శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో రద్దు కాదు. అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నోటాకు అవకాశం కల్పించమన్నది, ఎవరూ నచ్చని ఓటరు కూడా ఆ సంగతిని రహస్యంగా తెలపగలగాలన్న ఉద్దేశంతో.

మా అమ్మకు 87 ఏళ్లు, మంచం దిగలేదు. ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుందా?
– ఒక కుమారుడు, కొత్తపట్నం

ఉంది. 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో ఈ సౌకర్యం ఇస్తున్నారు. ఎన్నిక నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోగా ఫారం-12డి బూత్ స్థాయి అధికారికి అందజేయాలి. సిబ్బంది ముందుగా తెలిపిన రోజున బ్యాలెట్‌తో ఇంటికి వస్తారు. ఆ దరఖాస్తు ఆమోదం పొందాక ఆమె బూతుకు వెళ్లి ఓటు వేయడం కుదరదు కాబట్టి, ఆ రోజుల్లో అమ్మగారిని బంధువుల ఇంటికి పంపకుండా కొత్తపట్నంలోనే ఉంచండి.